నిలవ తేలే ఫైలు
(కర్నూలులో అకౌంటెంట్లు, కామర్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదోని జిన్నింగ్ మిల్లుల లెక్కలు చూసేవాళ్లు, బేతంచెర్ల బండల వ్యాపారుల దగ్గర పనిచేసేవాళ్లు ఇక్కడ ఉన్నారని చెప్పారు. మీకు బ్యాంక్ రీకన్సిలియేషన్ అంటే, మన పుస్తకాన్ని బ్యాంకు లెక్కతో సరిచూసుకోవడమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. నేను మాట్లాడేది దానికి ఒక మెట్టు కింద. అసలు బ్యాంకు నుంచి మీ చేతికొచ్చే ఫైలు ఎలాంటిది?

మనలో చాలామందికి అది నెట్ బ్యాంకింగ్‌లోంచి దించుకున్న ఎక్సెల్ షీటో, కామాలతో విడదీసిన సీఎస్‌వీ ఫైలో. అది నమ్మదగ్గది కాదని నా అభిప్రాయం. ఎందుకో చూడండి. యూపీఐ రిఫరెన్స్ నంబరు 12 అంకెలు. సీఎస్‌వీని నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే అది 4.12ఈ+11 అయి కూర్చుంటుంది. స్టేట్ బ్యాంకు ఖాతా నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. తేదీల సంగతి ఇంకా ఘోరం. కంప్యూటరు అమెరికా పద్ధతిలో ఉంటే ఏప్రిల్ 3న పడిన 03/04 కాస్తా మార్చి 4 అయిపోతుంది. నెల మారడంతో ఆగదు, పద్దు పోయిన ఆర్థిక సంవత్సరంలోకి జారిపోతుంది! 13వ తేదీ నుంచి మాత్రం అలా తిరగబడవు, పదమూడో నెల లేదు కాబట్టి. అందుకే సగం పద్దులు సరిగ్గా, సగం తప్పుగా వచ్చి ఆడిటరు తల పట్టుకుంటాడు.

ఈ తలనొప్పి పెద్ద కంపెనీలకు ఎప్పుడో వచ్చింది. అమెరికాలో బ్యాంకులు ఖాతా వివరాలను ఫైలుగా పంపడానికి 1980ల్లోనే బీఏఐ2 అనే పద్ధతి పెట్టుకున్నాయి. అందులో ప్రతి వరుస ఒక కోడుతో మొదలవుతుంది. 03 అంటే ఖాతా, 16 అంటే లావాదేవీ, 49 అంటే ఆ ఖాతా ముగింపు. మొత్తాల్లో చుక్క ఉండదు, చివరి రెండంకెలు పైసలు. 1,80,000 రూపాయల నిలవ 18000000 అని వస్తుంది, తెలియనివాడు కోటీ ఎనభై లక్షలనుకుని సంబరపడతాడు. మనకు దానితో పని తక్కువ. మనవైపు ఎక్కువ కనిపించేది ఎంటీ940, అంటే బ్యాంకుల మధ్య సందేశాలు చేరవేసే స్విఫ్ట్ వారి స్టేట్‌మెంట్ ఫైలు పద్ధతి.

ఎంటీ940లో నాకు నచ్చేది దాని మొండితనం. ప్రతి వరుసకూ ఒక ట్యాగు ఉంటుంది. 25లో ఖాతా నంబరు, 28సీలో స్టేట్‌మెంట్ వరుస సంఖ్య, 60ఎఫ్‌లో ప్రారంభ నిలవ, ఆ తర్వాత ఒక్కో లావాదేవీకి 61, దాని వివరం 86లో, చివర 62ఎఫ్‌లో ముగింపు నిలవ. తేదీ ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. ఏప్రిల్ 3, 2025 అంటే 250403. ఇక తికమకకు తావు లేదు. ప్రారంభ నిలవ 1,25,000, జమలు 3,40,000, ఖర్చులు 2,85,000 అయితే 62ఎఫ్‌లో 1,80,000 ఉండి తీరాలి. లేదా ఫైల్లో ఏదో వరుస రాలేదు. నిన్నటి 62ఎఫ్, ఇవాళ్టి 60ఎఫ్ ఒకటి కావాలి. 28సీలో 41 తర్వాత 43 వచ్చిందంటే మధ్యలో ఒక ఫైలు పోయినట్టే. మన పెద్దల చిట్టా ఆవర్జాల్లో కిందటి రోజు నిలవ తెచ్చి పైన రాసేవాళ్లే, ఆ క్రమశిక్షణ ఇదే.

ఒక జాగ్రత్త. 61లో సి అంటే బ్యాంకు పుస్తకంలో క్రెడిట్. మన పుస్తకంలో బ్యాంకు ఖాతాకు అది డెబిట్. సాఫ్ట్‌వేర్‌లో మ్యాపింగ్, అంటే ఏ ట్యాగు ఏ పద్దులోకి వెళ్లాలో పెట్టేవాడు ఇది తిరగేశాడంటే నెలంతా లెక్క తలకిందులే. అలాగే 62ఎఫ్ పుస్తక నిలవ మాత్రమే. చెక్కు ఇంకా క్లియరింగ్‌లో ఉంటే వాడుకోదగ్గ సొమ్ము అంతకంటే తక్కువ ఉండొచ్చు. బ్యాంకు ఇస్తే అది 64లో ఉంటుంది.

ఎంటీ940 బలహీనత 86. 65 అక్షరాల వరుసలు ఆరు, అందులో పార్టీ పేరు, యూటీఆర్ అనే లావాదేవీ గుర్తింపు నంబరు, బిల్లు నంబరు అన్నీ కలగాపులగం. ఒక్కో బ్యాంకు ఒక్కో రకంగా కుక్కుతుంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోనూ, సిండికేట్ బ్యాంకు కెనరాలోనూ కలిశాయి గదా. అప్పట్లో ఐఎఫ్ఎస్‌సీలు మారడం అందరికీ తెలిసింది. నేరేషన్‌ను, అంటే 86లోని ఆ వివరాన్ని చూసి పార్టీని పట్టుకునేలా రూలు రాసుకున్నవాళ్లకు ఇలాంటి విలీనమంటేనే గుండె దడ.

ఈ ముడి విప్పడానికే ఆర్థిక సందేశాల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20022 వచ్చింది, తొలిసారి 2004లో. పెద్ద మొత్తాలు పంపే మన ఆర్‌టీజీఎస్ 2013 నుంచే ఆ సందేశాలతో నడుస్తోంది. అందులో రోజు చివరి స్టేట్‌మెంటు పేరు కామ్ట్.053, పగటిపూట నివేదిక కామ్ట్.052, ఒక్కో జమాఖర్చు సమాచారం కామ్ట్.054. ప్రతి వివరానికీ పేరున్న గది ఇచ్చే ఎక్స్ఎంఎల్ కాబట్టి పంపినవారి పేరు ఒక గదిలో, బిల్లు నంబరు ఒక గదిలో ఉంటాయి. అయితే డబ్బు పంపినవాడు ఆ గది నింపితేనే లాభం. పత్తి కొన్న మిల్లు నెఫ్ట్‌లో "పేమెంట్" అని రాసి ఊరుకుంటే ఏ ఫార్మాటూ ఏమీ చేయలేదు.

చిన్న వ్యాపారులకు 2021 సెప్టెంబరులో మొదలైన అకౌంట్ అగ్రిగేటర్ ఇంకో దారి. అప్పు ఇచ్చేవాడు మీ అనుమతితోనే మీ లావాదేవీలను ఒకే అచ్చులో తెప్పించుకుంటాడు, జిరాక్సుల కట్ట మోయక్కర్లేదు. మధ్యనున్న అగ్రిగేటర్ సంస్థ ఆ వివరాలను తెరిచి చూడలేదు.

రేపు మీ బ్రాంచికి వెళ్లి ఎంటీ940 కావాలంటే కౌంటర్‌లో అయోమయంగా చూడొచ్చు. అది వాళ్ల తప్పు కాదు, ఈ పని బ్యాంకు క్యాష్ మేనేజ్‌మెంట్ విభాగానిది. కరెంట్ ఖాతా పేరు మీద లేఖ ఇచ్చి, ముందుగా నమూనా ఫైలు అడగండి. మార్చి 31, ఏప్రిల్ 1 రెండు రోజులవీ అడగండి. మీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి 62ఎఫ్, 60ఎఫ్ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా వస్తే, ఈ సేవకు బ్యాంకు ఫీజు అడిగితే అది కట్టకముందే అడగండి.