డీజే మొదలయ్యేలోపు

(అనంతపురంలోని ఒక డిగ్రీ కళాశాల వార్షికోత్సవ సభలో ముఖ్య అతిథిగా వచ్చిన ఒక ఈఎన్‌టీ వైద్యురాలి ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, నాకు శాలువా కప్పిన విద్యార్థి సంఘం పిల్లలకు, పొద్దున్నుంచి ఈ కుర్చీలన్నీ మోసిన అటెండర్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలని ఉంది గానీ మీరు నా ముఖం చూడట్లేదు, నా వెనక చూస్తున్నారు. కరపత్రంలో నా పేరు కింద డీజే నైట్ అని వేశారు. నా పేరు కంటే ఆ అక్షరాలే పెద్దవి. కోపమేం లేదు.

నాకిచ్చిన అంశం ‘యువత, లక్ష్యసాధన’. మూడు పేజీలు రాసుకొచ్చాను. స్టేజీ ఎక్కుతుంటే రెండు పక్కలా మనిషెత్తు బాక్సులు కనిపించాయి. కాగితాలు బ్యాగులోనే ఉంచేశాను. లక్ష్యసాధన గురించి వచ్చే ఏడు ఎవరో ఒకరు చెప్తారులెండి. నేను చెవుల గురించి మాట్లాడతా.

ముందు ఒక మాట అడుగుతా, చేతులెత్తండి. డీజే ముందు ఎగిరి, ఇంటికిపోయి పడుకున్నాక చెవుల్లో గీ... అని మోత విన్నవాళ్లు ఎంతమంది? చూడండి సార్, సగం మంది పైనే ఉన్నారు. బెంగళూరు పోయి పబ్బులో ఆ మోత తెచ్చుకున్నవాళ్లు? ఇప్పుడు ఒక్క చెయ్యీ లేవదు. ప్రిన్సిపాల్ గారు ఇక్కడే ఉన్నారు మరి. శుక్రవారం సాయంత్రం సప్తగిరి సర్కిల్ దగ్గర బ్యాగులు తగిలించుకుని బస్సుకు నిలబడేవాళ్లంతా బెంగళూరుకు కోచింగ్ కోసమే పోతున్నారని నమ్ముతున్నాను.

ఆ మోత తెల్లారేసరికి తగ్గిపోతుంది కాబట్టి మీకు టెన్షన్ లేదు. నా టెన్షన్ అక్కడే మొదలవుతుంది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంది. దాంట్లో శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు పుట్టినప్పుడు ఒక్కో చెవికి దాదాపు 15 వేలు ఉంటాయి. అంతే. కోడిపిల్లకు ఆ కణాలు పోతే మళ్లీ మొలుస్తాయి, మనిషికి మొలవవు. పెద్ద శబ్దం కొడితే అవి వాలిపోతాయి. గొర్రెలమంద ఒకసారి తొక్కిపోయిన కొర్రచేను నాలుగు రోజులకు లేచినట్టు, ఇవీ లేస్తాయి. వారం వారం మంద తోలితే ఏం మిగులుతుందో చేనున్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

లేచి నిలబడినా పూర్తిగా బాగైనట్టు కాదు. 2009లో అమెరికాలో ఎలుకలకు 100 డెసిబెల్ శబ్దం రెండు గంటలు వినిపించారు. కొన్నాళ్లకు పరీక్షిస్తే వినికిడి మామూలుగానే ఉంది. చెవి లోపల సూక్ష్మదర్శినితో చూస్తే, కణానికీ నరానికీ మధ్య ఉండే అతుకులు కొన్నిచోట్ల సగం దాకా పోయి ఉన్నాయి. ఎలుక లెక్క మనిషికి అచ్చంగా సరిపోదు. అయినా “పొద్దున్నే మోత పోయింది మేడం, నాకేం కాలేదు” అని ఎవరైనా అంటే నాకా ఎలుకలే గుర్తొస్తాయి.

లెక్క చెప్తాను, కామర్స్ వాళ్లు వినండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకు వారానికి ఒక కోటా పెట్టింది. 80 డెసిబెల్ అయితే వారంలో 40 గంటలు వినొచ్చు. ప్రతి 3 డెసిబెళ్లకు శబ్దశక్తి రెట్టింపవుతుంది, కాబట్టి టైము సగమవుతుంది. అలా పోతే 100 దగ్గర మీకు మిగిలేది 24 నిమిషాలు. పబ్బులో డాన్స్ చేసేచోట 100 ఉండడం వింతేం కాదు. అక్కడ నాలుగు గంటలుంటే పది వారాల కోటా ఒక్క రాత్రిలో ఖర్చు. మరుసటి శనివారం మళ్లీ పోతారు. ఈ అప్పుకు వన్ టైమ్ సెటిల్‌మెంట్ ఉండదు నాయనా.

నేను పాట వద్దనే మనిషిని కాదు. మా అబ్బాయి పెళ్లి ఊరేగింపులో నేనూ నాలుగడుగులు వేశాను, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని. మా వియ్యపురాలు “చెవిపోటా వదినా?” అని అడిగింది. “పోటు రాకుండా” అన్నా. ఆమె కూడా ఒక జత అడిగి తీసుకుంది.

ఇక అసలు సంగతి. నా దగ్గరికి ఒకబ్బాయి వచ్చాడు. గుత్తి వైపు. పేరు చెప్పను. డీజే ఆపరేటర్. పెళ్లిళ్లు, జాతరలు, వినాయక నిమజ్జనాలు, అన్నిటికీ అతనే. భార్య బలవంతం మీద వచ్చాడు. కూర్చుంటూనే “నాకు బాగనే ఇనపడతాది మేడం, ఇంట్లోవాళ్లే గొణుగుతా మాట్లాడతారు” అన్నాడు. ఈ మాట నాకు కొత్త కాదు, వినికిడి తగ్గినవాళ్లంతా ఎదుటివాళ్లు గొణుగుతున్నారనే అంటారు. ఎందుకంటే ముందు పోయేది అంతా కాదు, సన్నని శబ్దాలు పోతాయి. అచ్చుల బరువు చెవికి అందుతుంది, హల్లుల అంచు అందదు. ‘పాలు’, ‘తాలు’, ‘కాలు’ ఒకేలా ఉంటాయి. మాట వినపడుతుంది, ఏమన్నారో తెలీదు. గుంపులో అయితే మరీ.

సరే, ఆ అబ్బాయిని పరీక్ష గదిలో కూర్చోబెట్టాం. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, చేతికి బటన్ ఇచ్చి, శబ్దం వినగానే నొక్కమంటాం. హెర్ట్‌జ్ అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది. 500 హెర్ట్‌జ్, నొక్కాడు. 1000, నొక్కాడు. 2000, కొంచెం ఆలస్యంగా నొక్కాడు. 4000 దగ్గర నేను అద్దంలోంచి అతని బొటనవేలే చూస్తున్నా. కదలదు. శబ్దం పెంచాం. కదలదు. ఇంకా పెంచాం. అతను హెడ్‌ఫోన్ తీసి తలుపు తెరిచి “మిషన్ ఆగిపోయినట్టుంది మేడం” అన్నాడు.

మిషన్ ఆగలేదు. గ్రాఫు చూపించా. గీత తిన్నగా వచ్చి 4000 దగ్గర గుంతలో పడి, 8000 దగ్గర కొంచెం పైకి లేచింది. పెద్ద శబ్దాలతో పోయిన చెవికి ఆ గుంతే గుర్తు. అతను చాలాసేపు ఆ కాగితం వైపు చూసి, నేను ఊహించని మాట అన్నాడు. “అందుకేనా మేడం, ఈ మధ్య ట్రెబుల్ ఎంత పెంచినా సాలట్లేదు? బాక్సులు అరిగిపోయినాయనుకుని కొత్త ట్వీటర్లు ఏయించినా.”

అర్థమైందా పిల్లలూ? ట్రెబుల్ అంటే ఆ సన్నని శబ్దాలే, ట్వీటర్లు వాటిని పలికే స్పీకర్లు. అతనికి వినపడని శబ్దం అతనికి వినపడేదాకా పెంచుతున్నాడు. అతని ముందు రెండొందలమంది పిల్లలు ఎగురుతున్నారు, వాళ్ల చెవులు బాగున్నాయి. బాగున్న చెవుల్లోకి, పోయిన చెవికి సరిపడా శబ్దం పోస్తున్నాడు. వాళ్ల చెవులూ అలా అయ్యేదాకా. అతను చెడ్డవాడు కాదు. అప్పు చేసి కొన్న ట్వీటర్లవి, దానికి నెలనెలా కంతు కడుతున్నాడు. మిక్సర్ మీద చెయ్యి ఎవరిదో వాళ్ల చెవే అందరికంటే ఎక్కువ దెబ్బతిని ఉంటుంది. వాళ్ల చెవి కొలతతోనే మనమంతా వింటున్నాం. నేను ఇన్నాళ్లుగా ప్రతి సభలో మొత్తుకుంటున్న మాట ఇదొక్కటే. సౌండ్ ఎంత అనేది ఒక మనిషి చెవికి వదిలేయొద్దు, మీటరుకు వదలండి. ఫోన్లో యాప్ ఉన్నా చాలు, అంచనాకు పనికొస్తుంది.

అదిగో, ఆ మిక్సర్ దగ్గరున్న తమ్ముడు తల దించుకున్నాడు. నిన్ను కాదు నాయనా అనేది. నువ్వు మాత్రం సోమవారం ఓపీకి రా. ఫీజు వద్దు. ఈ ఊళ్లో ఏ ఆపరేటరు వచ్చినా తీసుకోను. నిజానికి ఈ పరీక్ష ఏడాదికోసారి అందరికంటే ముందు మీకే చెయ్యాలి.

చట్టం లేదా అంటారు. ఉంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా 12 దాకా సడలించొచ్చు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్, రాత్రి 45. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రభుత్వం ప్రకటించొచ్చు. 2005లో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది. కానీ ఇదంతా ఎవరి కోసం? పక్కింట్లో పడుకున్న ముసలాయన కోసం. మంచిదే. కొలత ప్రహరీ దగ్గర తీస్తారు. ప్రహరీ లోపల, బాక్సు ముందు ఎగిరే పిల్లాడి చెవి దగ్గర ఎవరూ కొలవరు. తాడిపత్రిలో నాపరాయి పాలిష్ మిషను దగ్గర పనిచేసే మనిషికి కనీసం పనిచోటి భద్రతకు ఒక చట్టం ఉంది, శబ్దంతో వచ్చే చెవుడు ఆ చట్టంలో రాసిన జబ్బు. యజమాని ప్లగ్గులు ఇవ్వకపోతే అడగొచ్చు. మీరు టికెట్ కొనుక్కుని అదే శబ్దంలో నిలబడతారు, అడగడానికి ఎవరూ లేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీ హాళ్లకు, క్లబ్బులకు ఒక ప్రమాణం రాసింది. ఏ 15 నిమిషాలు తీసుకున్నా సగటు 100 డెసిబెల్ దాటకూడదు, మీటరు పెట్టి చూడాలి, అడిగినవాళ్లకు ప్లగ్గులు ఇవ్వాలి, చెవికి విశ్రాంతినిచ్చే చోటు ఒకటుండాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. నన్నడిగితే 100 కూడా ఎక్కువే. సంగీతం వాళ్లూ డాక్టర్లూ కూర్చుని రాజీపడిన అంకె అది.

విశ్రాంతి చోటు అని చదివినప్పుడు నాకు మా ఊరి జాతర గుర్తొచ్చింది. తప్పెట తక్కువ మోత కాదు, తప్పెట కొట్టేవాళ్ల చెవులూ పోతాయి, నేను చూశాను. కానీ కాసేపు వాయిస్తే చర్మం వదులైపోయేది. అప్పుడు అందరూ పక్కకు పోయి, ఎండుగడ్డి ముట్టించి, తప్పెటలు అటూ ఇటూ తిప్పుతూ కాచేవాళ్లు. వేలితో తట్టి చూసుకునేవాళ్లు, ఠంగుమందా లేదా అని. అంతసేపూ ఊరు ఊరంతా మాటలే. పిల్లలు బొరుగులు తినేవాళ్లు. చెవి తేరుకునేది. ఉరుము అనే వాద్యం వాయించే మా జిల్లా ఉరుములవాళ్లయినా అంతే, మనిషి చెయ్యి కాబట్టి అలుపుంటుంది. ఈ బాక్సులకు అలుపు లేదు. జనరేటర్‌లో డీజిల్ ఉన్నంతసేపూ మోగుతాయి. కాబట్టి ఆ విరామం మనమే పెట్టుకోవాలి. గంటకు పది నిమిషాలు అవతల గేటు దాకా నడిచి రండి.

మోత అంటే గొంతు, గొంతు అంటే తాడిపత్రిలో పుట్టిన రంగస్థల నటుడు బళ్లారి రాఘవ... మైకు లేకుండా చివరి వరుస దాకా గొంతు వినిపించే నాటకాల కాలం... వద్దు, ప్రిన్సిపాల్ గారు వాచీ చూస్తున్నారు. అది ఇంకో గంట అవుతుంది.

ఇంకో రెండు విషయాలు చెప్పి దిగిపోతా. ఒకటి, దూరం. ఆరుబయట దూరం రెట్టింపైతే ఇంచుమించు 6 డెసిబెల్ తగ్గుతుంది. అంటే బాక్సుకు రెండు మీటర్ల దగ్గర నిలబడేవాళ్లు నాలుగు మీటర్లకు జరిగితే అంతే దెబ్బకు నాలుగింతల టైము పడుతుంది. ఫ్రెండ్స్‌తో పందెం కట్టి బాక్సులో తల పెట్టేవాళ్లు ఉన్నారు, చూశాను. వాళ్లకు నేను చెప్పేదేం లేదు, తర్వాత నా దగ్గరికే వస్తారు.

రెండోది ఇదిగో, నా చేతిలో ఉన్నది. స్పాంజి ప్లగ్గు. మందుల షాపులో జత పది, ఇరవై రూపాయలు. చాలామంది దీన్ని చెవి గుమ్మంలో అతికించుకుని ‘పనిచెయ్యట్లేదు’ అంటారు. చూడండి, వెనకవాళ్లు నిలబడండి. చేతులు కడుక్కోవాలి. వేళ్ల మధ్య సన్నగా, ముడతల్లేకుండా, అగరొత్తంత అయ్యేదాకా నలపాలి. కుడి చెవికైతే ఎడమ చెయ్యి తల మీదుగా తెచ్చి చెవి పైభాగం పట్టి పైకీ వెనక్కీ లాగాలి. అప్పుడు దారి తిన్నగా అవుతుంది. లోపలికి తోసి, వేలు తియ్యకుండా ముప్పై అంకెలు లెక్కపెట్టాలి. అది ఉబ్బి నిండుతుంది. మీ గొంతు మీకే కుండలోంచి వచ్చినట్టు వినిపిస్తే సరిగ్గా కూర్చున్నట్టు. అలా కూర్చుంటే 15 డెసిబెళ్లు తగ్గినా చాలు, ఇందాకటి నాలుగు గంటలు పది వారాల కోటా తినవు, వారం కోటాలో మూడో వంతు తింటాయి. పాట బాగా వినాలనే సరదా ఉన్నవాళ్లకు ఫిల్టర్ ఉన్న మ్యుజీషియన్ ప్లగ్గులున్నాయి, ఖరీదెక్కువ, ట్యూన్ పాడవదు. దూది మాత్రం వద్దు. దూదితో మిగిలేది పెట్టుకున్నామన్న తృప్తే.

ఇది ఆటగా తీసుకోకండి. డీజే తర్వాత ఒక చెవి ఒక్కసారిగా మూసుకుపోయినట్టయి మర్నాటికీ తెరుచుకోకపోతే, గుబిలి అనుకుని నూనె పొయ్యొద్దు. ఆ రోజే చెవి డాక్టరు దగ్గరికి పోండి. ప్రభుత్వ ఆస్పత్రిలోనూ ఈఎన్‌టీ ఓపీ ఉంటుంది. మొదటి రోజుల్లో వస్తే మందులతో కొంత వెనక్కి తెచ్చే అవకాశం ఉంది. నెల తర్వాత వస్తే గ్రాఫు గీసి చేతికివ్వడం తప్ప మేం చేసేది తక్కువ.

ప్రిన్సిపాల్ గారూ, మీ ముందే అడుగుతున్నా. వచ్చే ఏడు డీజేకిచ్చే డబ్బులో కొంచెం తీసి గేటు దగ్గర ప్లగ్గుల డబ్బా పెట్టించండి. స్టేజీకి కొంత దూరంలో తాడు కట్టించండి, దాని ముందుకు ఎవరూ రాకుండా. అంతే, ఇంకేం అడగను.

ఈ సంచిలో రెండొందల జతలున్నాయి. ఎడమ వైపు మెట్ల దగ్గర మా నర్సమ్మ నిలబడుంటుంది. తోసుకోకుండా వరసగా రండి, ఆడపిల్లలు ముందు. మనిషికి ఒక జత. ఒకరు పెట్టుకున్నది ఇంకొకరికి ఇవ్వొద్దు. పెట్టుకోవడం రానివాళ్లు ఆమెను అడగండి, సిగ్గుపడకండి.