పక్కన ఎవరు నిలబడతారు?

శ్రోతలకు నమస్కారం.

పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అని మనకొక సామెత. పీటముడి పడ్డ ఏ పని గురించైనా వాడేస్తాం, నవ్వుకుంటాం. కొన్ని ఇళ్లలో మాత్రం అది సామెతగా మిగలదు. మూడు ముళ్లు పడితే అన్నీ అవే సర్దుకుంటాయని, మందులు మాన్పించి మరీ పీటల మీద కూర్చోబెడతారు. ఆ పెళ్లి రెండేళ్లకో అయిదేళ్లకో మా బోటి లాయర్ల ఆఫీసు మెట్లెక్కుతుంది.

నేను ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. భార్యో భర్తో తన మంచిచెడ్డలు తాను చెప్పుకోలేని స్థితిలో ఉండి, వాళ్ల తరఫున గార్డియన్ ఉండాల్సి వచ్చినప్పుడు విడాకుల కేసు ఎలా నడుస్తుందో ఇవాళ చెబుతాను.

కొన్నేళ్ల కిందటి మాట. ఎవరో తెలియకుండా చెబుతాను. ఒకాయన వచ్చాడు, ముప్పై అయిదేళ్లుంటాయి. చేతిలో రెండు ఫైళ్లు, ఒక లాంగ్ నోట్‌బుక్కు. భార్యకు స్కిజోఫ్రీనియా, అంటే భ్రమలు కలిగించే మానసిక వ్యాధి. ఆరేళ్లుగా వైద్యం నడుస్తోంది. కూర్చోగానే, "మేడమ్, ఆవిడకి నోటీసిచ్చినా అర్థం కాదు. వాళ్లవాళ్లెవరూ రారు. ఎక్స్‌పార్టీ చేయించేద్దాం" అన్నాడు.

ఎక్స్‌పార్టీ అంటే అవతలివాళ్లు హాజరు కాలేదని ఏకపక్షంగా తీర్పు తీసుకోవడం. ఆయన దుర్మార్గుడేం కాదు. అలిసిపోయినవాడు. ఆ మాట మీద టెన్షన్ పడింది నేనే. కోర్టుకు రమ్మనే కాగితం మీద ఆవిడ సంతకం పెట్టొచ్చు. పెట్టినంత మాత్రాన అందులో ఏముందో తెలిసినట్టా? మతిస్థిమితం లేని మనిషి మీద, గార్డియన్ లేకుండా తెచ్చుకున్న డిక్రీ చెల్లనే చెల్లదని సుప్రీంకోర్టు 1960లలోనే తేల్చింది. అలాంటి డిక్రీ పట్టుకుని ఈయన మళ్లీ పెళ్లి చేసుకుంటే, పదేళ్ల తర్వాత ఎవరో వచ్చి ఆ కాగితం చెల్లదంటే, ఆ రెండో ఇల్లాలి గతేంటి? ఆ పిల్లల మాటేంటి?

"గార్డియన్ని నేనే కదండీ, ఆసుపత్రిలో సంతకాలన్నీ నావే" అన్నాడాయన.

చాలామంది ఇలాగే పొరబడతారు. ఆసుపత్రిలో పెట్టే సంతకం వైద్యం వరకే. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టంలో నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అని ఒకరుంటారు. ఆయన పని కూడా చికిత్స విషయంలో తోడుండడమే. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం లాంటివాటికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, జిల్లా కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీ గార్డియన్ను నియమిస్తుంది. కోమాలో ఉన్నవాళ్ల కోసం హైకోర్టుకు వెళ్లాలి. విడాకుల కేసులో కావలసింది ఇంకో రకం. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 32వ ఆర్డర్ కింద, ఆ కేసు వరకే కోర్టు పెట్టే గార్డియన్. ఆ గార్డియన్‌కు అవతలి మనిషి ప్రయోజనాలకు అడ్డొచ్చే స్వార్థం ఉండకూడదు. కేసు వేసినవాడే అవతలి పక్కన గార్డియన్‌గా కూర్చోవడం కుదిరే పని కాదు. కుస్తీ పట్టేవాడే రిఫరీ అయినట్టుంటుంది.

సరే, గార్డియన్ కోసం అర్జీ పెట్టాం. కబురందుకుని ఆవిడ అన్నయ్య వచ్చాడు. చెల్లెలి తరఫున తాను నిలబడతానన్నాడు. మాకూ సబబే అనిపించింది. అయితే పెళ్లప్పుడు తండ్రి పసుపు కుంకుమల కింద ఆవిడకిచ్చిన ఎకరం పొలం ఆ అన్నయ్య సాగులోనే ఉంది. కౌలు డబ్బు ఎవరికీ చేరడం లేదు. ఆ సంగతి బయటపడగానే జడ్జిగారు ఆయన్ను పక్కన పెట్టేశారు. చివరికి ఆవిడ పిన్ని ఒప్పుకుంది. పెద్దగా చదువుకోలేదు, ఆస్తితో సంబంధం లేదు, వాయిదా తప్పకుండా వచ్చేది. అలాంటి మనిషి కూడా దొరక్కపోతే కోర్టు తన ఉద్యోగిని నియమించవచ్చు. ఆ ఖర్చు ఎవరు భరించాలో కూడా కోర్టే చెబుతుంది.

పిన్నిని నియమించే ముందు జడ్జిగారు నా క్లయింటు భార్యతో తన ఛాంబర్లో మాట్లాడారు. ఇది మొక్కుబడి తతంగం కాదు. డాక్టరు చీటీలో జబ్బు పేరున్నంత మాత్రాన మతి లేనట్టు కాదని 2017 చట్టమే అంటుంది. తన మేలు తాను చూసుకోలేని స్థితి నిజంగా ఉందో లేదో కోర్టు విచారించి తేల్చాలి. అందుకని అడిగారు: పేరేంటమ్మా, ఇవాళ ఏం వారం, పొద్దున ఏం తిన్నావు? ఆవిడ ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో మాత్రలు. కవరు మడతలు విప్పుతూ, మళ్లీ వేస్తూ జవాబులు చెప్పింది. వారం తప్పు చెప్పింది. ఉప్మా అంది. "ఎందుకొచ్చావో తెలుసా?" అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయన నన్ను ఇచ్చేస్తున్నారు" అంది. ఎవరికి ఇచ్చేస్తున్నారని అడిగితే చెప్పలేకపోయింది.

జడ్జిగారు పిన్ని పేరు రాసుకున్నారు.

ఇక విడాకులు. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చినప్పుడు, నయం కాని మతిభ్రమణ కనీసం మూడేళ్లు ఎడతెగకుండా ఉంటేనే విడాకులు. 1976లో ఆ గడువు తీసేసి, ఇంకో మాట చేర్చారు: ఈ జబ్బుతో ఉన్న మనిషితో కాపురం చెయ్యమని అవతలివాళ్లను అడగడం సబబు కానంత తీవ్రత ఉండాలి. బరువంతా ఆ తీవ్రత మీదే. 1988లో ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. స్కిజోఫ్రీనియా అని పేరు పెట్టేస్తే చాలదు, అది ఏ మేరకు ఉందో రుజువు చెయ్యాలి, ఆ రుజువు బాధ్యత విడాకులు అడిగినవాళ్లదే. 2013లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన కేసు ఇంకా దగ్గరిది. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లు. కింది కోర్టు భర్తకు విడాకులిచ్చింది, హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు హైకోర్టుతో ఏకీభవించింది. ఆ భార్య పీజీ డిప్లొమా పూర్తిచేసి ప్రభుత్వ వైద్యాధికారిగా ఉద్యోగం చేస్తోంది, జబ్బు అంత తీవ్రమైతే అది సాధ్యమేనా అని సుప్రీంకోర్టు అడిగింది.

మన దగ్గర తీసేసిన గడువు లాంటిది అమెరికాలోని ఫ్లోరిడాలో ఇంకా ఉంది: ఈ కారణంతో విడాకులు కావాలంటే, అవతలి మనిషి అశక్తత కోర్టులో తేలి కనీసం మూడేళ్లు గడవాలి. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లకు ఈ సంగతి పనికొస్తుంది.

నోట్‌బుక్కు దగ్గరికి వస్తాను. ఆయన దాన్ని తన సాక్ష్యంగా తెచ్చాడు. ఆరేళ్లూ రోజుకో గీత కొట్టి రాశాడు, పొద్దున ఎన్ని మాత్రలు, రాత్రి ఎన్ని అని. మాత్ర ఉమ్మేసిన రోజుకు ఎర్రసిరాతో సున్నా చుట్టాడు. మొదటి రెండేళ్ల పేజీలు తట్టు పోసినట్టున్నాయి. ఆవిడ ఎంత సతాయించిందో కోర్టుకు చూపించాలని ఆయన ఉద్దేశం. పిన్ని తరఫు లాయరు, కుర్రవాడే, పేజీలు చివరి నుంచి తిప్పాడు. చివరి ఎనిమిది నెలల్లో ఎర్ర సున్నాలు నాలుగే నాలుగు. "మందు వేసుకుంటే కుదురుతోంది కదండీ" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. నా క్లయింటు తన నోట్‌బుక్కు కేసి చూస్తూ ఉండిపోయాడు. అన్నేళ్లు రాసినవాడు ఆ సున్నాలు తగ్గాయని తానే గమనించలేదు.

పిటిషన్ కొట్టేశారు. నాకు బాధేసింది, దాచడమెందుకు. చట్టం ఆవిడకు తోడు వెతికింది, మంచిదే. ఆయన ఆరేళ్లకు మాత్రం చట్టంలో గడి లేదు.

మరి ఇద్దరూ ఒప్పుకుని విడిపోవచ్చు కదా అని నా క్లయింటు అప్పుడే అడిగాడు. పరస్పర అంగీకారం అంటే ఇద్దరి అంగీకారం. మనసు నిలకడగా లేని మనిషి ఇచ్చే అంగీకారాన్ని కోర్టు ఎలా నమ్ముతుంది? గార్డియన్ కూడా తనంతట తాను రాజీ పడకూడదు, కోర్టు అనుమతి తప్పనిసరి. డబ్బు లెక్క కూడా అక్కడే తేలాలి: నెలనెలా భరణం, మందుల ఖర్చు. హిందూ వివాహ చట్టంలో భరణం భార్యకే కాదు, లేనివాడైతే భర్తా అడగవచ్చు.

ఆవిడ పిన్ని ఇంట్లోనే ఉండిపోయింది. మందులు మానలేదు. పిన్ని ఊళ్లో పెద్దమనుషులను కూర్చోబెట్టి మరీ పొలం కౌలు రాబట్టింది. రెండేళ్లు దాటాక దంపతులిద్దరూ వేర్వేరు ఆటోల్లో కోర్టుకు వచ్చారు. ఉమ్మడి అర్జీ. ఈసారి డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంది, ఆవిడ తన నిర్ణయం తాను చెప్పగల స్థితిలో ఉందని. జడ్జిగారు వేరు, ప్రశ్నలు దాదాపు అవే. పేరు, వారం, ఎందుకొచ్చావు. వారం సరిగ్గా చెప్పింది. ఎందుకొచ్చావంటే, "విడాకులకండీ. నాకూ సమ్మతమే. మందుల డబ్బులు మాత్రం నెల మొదట్లోనే వెయ్యమనండి" అంది.

ఆరు నెలల తర్వాత రెండో వాయిదాకూ ఇద్దరూ వచ్చారు. ఆవిడ సంతకం ఆవిడే పెట్టింది. పిన్ని వెనక బెంచీలో కూర్చుంది.

నమస్కారం.