వాటా తీసేయని మేళం

అందరికీ నమస్కారమండి. వేదిక మీదున్న పెద్దలకీ, కింద కూర్చున్న డోలు, సన్నాయి, తాళం వాళ్లకీ కూడా. మైకు ముందు ఊదడం అలవాటేగానీ మాట్లాడడం అలవాటు లేదు, అటూ ఇటూ పోతే సర్దుకోండి. నాకు టీబీ వచ్చింది, తగ్గింది, మళ్లీ నాదస్వరం పట్టుకున్నాను. ఈ మధ్యలో మా మేళం వాళ్లు ఏం చేశారో చెప్పమని ఇక్కడికి పిలిచారు.

గోదావరి జిల్లాల్లో సంగీతం అనగానే బాలమురళీకృష్ణగారు పుట్టిన శంకరగుప్తం పేరు చెబుతారు, ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారి వీణ గురించి చెబుతారు. చెప్పాల్సిందే. పెళ్లిమేళం వాడి గురించి మాత్రం భోజనాలు ఎప్పుడు పెట్టారన్న దగ్గర తప్ప ఎవరికీ గుర్తుండదు. సాయంత్రం ఎదురుసన్నాహంతో మొదలెట్టి, అర్ధరాత్రి ముహూర్తానికి పురోహితుడుగారు చెయ్యి ఎత్తగానే గట్టిమేళం అందుకుని, తలంబ్రాలయ్యేదాకా ఊదుతూనే ఉండాలంటే ఆ గాలంతా ఎక్కడి నుంచి వస్తుందో ఎవరాలోచిస్తారు? నేనూ ఆలోచించలేదు, అది తగ్గేదాకా.

వైశాఖం ముహూర్తాల్లో దగ్గు పట్టుకుంది. ఊరూరి నీళ్లు, కల్యాణ మండపాల్లో ఏసీ, ఇంకేముంటుందిలే అనుకున్నాం. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, వాచీ చేతి మీద వదులైపోయింది. ఒక ప్రైవేటు డాక్టరుగారు సిరప్పులు మార్చి మార్చి రాశారు, ఒక్కసారి కూడా కళ్లె పరీక్ష రాయలేదు. ఒక రాత్రి పెళ్లి అయ్యాక తువ్వాల్లో నెత్తురు కనబడితే, మా డోలు బావ (వరసకి బావేలెండి) తెల్లారగానే బండి మీద ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ తేలింది.

మందులు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన బిళ్లలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి, అన్నీ ఉచితమే. మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడకండి, అది ఆ మందుల్లో ఉన్న రిఫాంపిసిన్ పని. నాకు టెన్షన్ పెట్టింది వేళ్లు. వాటిలోనే ఉన్న పైరజినమైడ్‌కి కీళ్లు నొప్పులొస్తాయి, ఐసోనియజిడ్‌కి కొందరికి వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, దానికి బి6 బిళ్ల ఇస్తారు. మామూలు మనిషికి అదో చిన్న బాధ. నాదస్వరానికి వేళ్లతో మూసే రంధ్రాలు ఏడు, కింద మైనంతో సర్దుకునేవి ఐదు వేరే. ఆ ఏడింటి మీద వేలు ఆనిందో లేదో తెలియకపోతే స్వరం ఎక్కడ నిలబెడతాం చెప్పండి?

ఇక జనం. టీబీ గాలిలోంచి వస్తుందండి, కంచం వల్లా గ్లాసు వల్లా రాదు. మందులు సరిగ్గా వేసుకుంటే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అయినా మా పక్కింటావిడ ఇప్పటికీ నన్ను చూసి చెంగు అడ్డుపెట్టుకుంటుంది, పాపం ఆవిడ్ని ఏమనను. మేళం వాళ్లకి మాత్రం నిజంగా భయపడాల్సిన కారణముంది, వ్యాన్ అద్దాలు మూసుకుని నాతోపాటు తిరిగినవాళ్లు. డాక్టరుగారు పిలిస్తే అందరూ వచ్చి పరీక్షలు చేయించుకున్నారు, ఎవరికీ ఏమీ లేదు. ఒక పెళ్లివారు సంగతి విని మా మేళమే వద్దన్నారు. నేను వెళ్లట్లేదు మహాప్రభో అన్నా వినలేదు. బావ అడ్వాన్సు తిరిగిచ్చేశాడు. తాళం కుర్రాడు మొహం ముడుచుకున్నాడు, వాడింట్లోనూ పొయ్యి వెలగాలి కదా, నేను తప్పు పట్టను.

ఖర్చులు పోను మిగిలింది మేమంతా వాటాలేసుకుంటాం. నా చోట పాలకొల్లు వైపు నుంచి ఒక కుర్రాడిని తెచ్చుకున్నారు, వాడికి పూట కూలీ ఇచ్చి, నా వాటాలో సగం అలాగే ఉంచారు. ప్రతి పెళ్లి మర్నాడు బావ మా ఇంటికొచ్చి, "ఇది వీడి వాటా చెల్లెమ్మా, లెక్క చూసుకో" అని మా ఆవిడ చేతిలో పెట్టేవాడు. లెక్క కాగితం కూడా ఇచ్చేవాడు, డీజిలు, టీలు అన్నీ రాసి. ఆ కాగితం లేకుండా డబ్బిచ్చుంటే నేను నెల తిరక్కుండా వద్దనేవాడిని. కాగితం ఉంది గనక, మంచం మీద పడుకుని కూడా "డీజిలు ఇంతెందుకైంది?" అని పోట్లాడాను. ఆషాఢం వచ్చింది, ముహూర్తాల్లేవు, అందరికీ సున్నా, నాకు సున్నాలో సగం. ఆ నెలలో గుడ్లు, పాలు మాత్రం ఎవరో ఒకరు తెచ్చి పడేసేవారు. ప్రభుత్వం వాళ్లు టీబీ రోగికి తిండి కోసం 2018 నుంచి నెలకి 500 ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. అది కూడా అడిగి తీసుకోండి, మొహమాటపడకండి.

మందులయ్యాక అసలు కథ మొదలైంది. నాదస్వరం కొసనుండే ఊదే పీక నోట్లో పెట్టుకుంటే ఆధార షడ్జమం, అదే మొదటి 'స', నాలుగు లెక్కలు నిలబడట్లేదు. మా రెండో సన్నాయి తమ్ముడు, నా దగ్గరే మొదటి పాఠాల మాయామాళవగౌళ రాగం నేర్చుకున్నవాడు, నాకు గురువైపోయాడు. మొదట నన్ను తాళం దగ్గర కూర్చోబెట్టారు. తర్వాత గుళ్లో పవళింపు సేవకి నీలాంబరి రాగం ఊదుతాను, నెమ్మదిగా ఉంటుంది, తేలిక కదా అన్నాను. "కాదన్నయ్యా, నెమ్మదిదే కష్టం" అన్నాడు. నిజమే. వేగంగా పోయే స్వరాల్లో సందు సందుకీ ఊపిరి దొంగతనం చెయ్యొచ్చు, నీలాంబరిలో ఒక్క స్వరం నిలబెట్టాలంటే గుండెల్లో ఉన్నదంతా పొయ్యాలి. అందుకని నాకు మోహన రాగంలో చిట్టి చిట్టి స్వరాలిచ్చి, నా గాలి అయిపోయే చోట సరిగ్గా వాడు అందుకునేవాడు. రెండు సన్నాయిలు ఉండేదే అందుకు, ఒకరు గాలి పీల్చుకునేలోపు ఇంకొకరు స్వరం పడిపోకుండా పట్టుకోవడానికి. ఇన్నేళ్లూ నేను పైన ఊదేవాడిని, వాడు కింద పట్టేవాడు. ఇప్పుడు తిరగబడింది. వింటున్నవాళ్లకి ఎవరు ఎక్కడ ఆగారో తెలియలేదు, బావకి మాత్రం తెలుసు, నేను ఆగబోయే ముందు డోలు మీద కాస్త గట్టిగా రెండు దెబ్బలేసేవాడు.

ఇప్పుడు ముహూర్తం నేనే ఊదుతున్నాను, గట్టిమేళం పూర్తిగా. నీలాంబరి ఇంకా తమ్ముడిదే.

ఒక్క చిక్కు మిగిలింది. ఆ పాలకొల్లు కుర్రాడు, నా చోట వచ్చినవాడు, బాగా ఊదుతున్నాడండి. నేను తిరిగొచ్చాను కదా, నువ్వు వెళ్లు అని ఎవరం అనలేకపోయాం. మూడు సన్నాయిలకి పెళ్లివారు డబ్బివ్వరు, రెండింటికే ఇస్తారు. వాడికి పూట కూలీ కాదు, వాటా ఇద్దామంటాను నేను. నీకు మందులప్పుడైన అప్పులున్నాయి, ముందు నువ్వు పూర్తి వాటా తీసుకో అంటాడు బావ. తాళం కుర్రాడు ఇద్దరినీ చూసి లెక్క కాగితం లాక్కుంటున్నాడు. ఇంకా తేలలేదు, మాఘం ముహూర్తాల్లోపు తేల్చుకోవాలి. మీ మేళాల్లో ఇలాంటిది ఎలా సర్దుకున్నారో భోజనాల దగ్గర నాకో మాట చెప్పండి.