ఎల్‌నినో వస్తే నెల్లూరుకి కరువేనా?

నమస్తే అండీ. టీవీలో ఎల్‌నినో అని స్క్రోలింగ్ పడటం ఆలస్యం, మా నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో "ఈ ఏడు పెన్నాకి నీళ్లు రావు, వరి నాటొద్దు" అని మెసేజ్‌లు మొదలవుతాయి. చూస్తే బాధేస్తుంది. జూన్ నుంచి సెప్టెంబర్ వానల మీద బతికే ఊళ్లకు ఆ భయం చాలావరకు నిజమే గానీ, ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్-డిసెంబర్‌లోనే పడే నెల్లూరుకి లెక్క చాలాసార్లు తిరగబడుతుంది.

పెళ్లిళ్లలో గాడిపొయ్యి చూశారుగా? పసిఫిక్ సముద్రం అలాంటి పొయ్యి. మామూలు ఏడాది నిప్పులన్నీ పడమటి కొసన, ఇండోనేషియా దగ్గర కుప్పగా ఉంటాయి, అంటే అక్కడి నీళ్లు బాగా వేడిగా ఉంటాయి, ఆవిరి లేచేదీ అక్కడే. ఎల్‌నినో ఏడాది ఆ నిప్పులు తూర్పుకి జరుగుతాయి. అర డిగ్రీ వేడి పెరిగి నెలల తరబడి నిలిస్తే చాలు. అర డిగ్రీయేగా అనుకోకండి, ఈ పొయ్యి పొడవు వేల కిలోమీటర్లు!

నిప్పులు దూరం జరిగితే మన నైరుతి నీరసపడుతుంది. 2015లో దేశం మొత్తం మీద 14 శాతం తక్కువ కురిసింది. కానీ పొయ్యి దగ్గర గాలి మళ్లితే, అప్పటిదాకా హాయిగా కూర్చున్నవాళ్ల మీదికే పొగ వస్తుంది కదా, అక్టోబర్‌లో జరిగేది అదే. నిప్పులు అక్కడే ఉంటాయి, గాలి మాత్రం ఇప్పుడు బంగాళాఖాతం మీదుగా తూర్పు నుంచి వీస్తుంది, ఎల్‌నినో ఆ తూర్పుగాలికి బలమిచ్చి తేమని దక్షిణ కోస్తా మీదికి తోస్తుంది. అదే 2015 నవంబర్‌లో నెల్లూరు, తిరుపతి వైపు వరదలొచ్చాయి.

(తెరపై హిందూ మహాసముద్రం మ్యాప్)

మన సముద్రానికీ సొంత గాడిపొయ్యి ఉంది. ఆఫ్రికా వైపు నీళ్లు వేడెక్కి సుమత్రా వైపు చల్లబడితే మనకి మంచిది. 2016లో అది తిరగబడింది, ఈశాన్య రుతుపవనాల్లో తమిళనాడుకి 62 శాతం లోటు.

టైమ్ అయిపోతోంది, నది సంగతి త్వరగా చెప్పేస్తాను. పెన్నా పై భాగం, అంటే అనంతపురం వైపు, ఎక్కువగా ఎండిపోయే ఉంటుంది. నవంబర్‌లో కడప, చిత్తూరు కొండల మీద పడిన వాన పెన్నా ఉపనది చెయ్యేరులోకి దిగి సోమశిల జలాశయానికి చేరుతుంది, దాని సామర్థ్యం 78 టీఎంసీలు. అయితే పొయ్యి ఒక్కటే చూసి ధీమాగా ఉండొద్దు. 2021 లానినా ఏడాది, అంటే ఎల్‌నినోకి సరిగ్గా తిరగబడ్డ ఏడాది, మనకి వాన తగ్గాల్సిన ఏడాది, కానీ ఒక్క వాయుగుండంతో నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది. అందుకే చెయ్యేరు గట్టున ఉండేవాళ్లు ఏ ఏడాదైనా నవంబర్‌లో వాయుగుండం కబురు వదలకుండా వినండి. పెన్నాలో కలిసే ఇంకో నది కుందూ లెక్క వేరు, అది వచ్చే వీడియోలో.