ఇంజిన్ బ్లాక్‌కు రంగు: ముందు గుడ్డ, తర్వాతే క్యాన్

అందరికీ నమస్కారం.

ఇంట్లోనే ఇంజిన్ విప్పి, ఖాళీ బ్లాక్‌ను (సిలిండర్లుండే ప్రధాన లోహపు దిమ్మ) స్టాండ్‌కి ఎక్కించినవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఏ రంగు బాగుంటుందని. నేను వాళ్లను తిరిగి అడిగేది ఒక్కటే: తెల్లగుడ్డతో తుడిచి చూశారా?

నేను మొదటిసారి రంగు వేసిన బ్లాక్ కొత్తదానిలా మెరిసింది. నెల తిరక్కుండానే ఆయిల్ ఫిల్టర్ బిగించే చోటు పక్కన ఉబ్బింది. గోటితో గీకితే అరచేయంత పొర, ప్రైమర్‌తో (రంగు పట్టుకోవడానికి కింద వేసే పూత) సహా ఊడి చేతికొచ్చింది. దాని వెనకవైపు వేలు పెట్టి రాశాను. జిడ్డు! రంగు మంచిదే, ప్రైమరూ మంచిదే. నేను కడిగింది చాలలేదు.

పోత ఇనుమును ఇసుక అచ్చులో పోస్తారు కాబట్టి బ్లాక్ బయటి గోడ గరుకుగా ఉంటుంది. ఏళ్ల తరబడి కారిన నూనె ఆ గరుకులో ఇంకి కూర్చుంటుంది. డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రవం) కొట్టి, నాననిచ్చి, వైరు బ్రష్‌తో రుద్ది, వేడి సబ్బునీళ్లతో కడగండి. అయిపోయిందనిపించాక మొత్తం మరోసారి చెయ్యండి. కడిగాక మాత్రం ఆలస్యం పనికిరాదు. తడి ఇనుము మీద నిమిషాల్లో పసుపురంగు తుప్పు తేలుతుంది. గాలి కొట్టి ఆరబెట్టి, బోర్లకూ (పిస్టన్లు ఆడే గుండ్రటి రంధ్రాలు) బేరింగులు కూర్చునే చోట్లకూ వెంటనే పలచగా నూనె రాయండి, అది బయటి గోడకు అంటకుండా చూసుకోండి.

తర్వాత హీట్ గన్‌తో బ్లాక్‌ను గోరువెచ్చగా చేస్తే, శుభ్రమైందనుకున్న మూలల్లోంచి కూడా నూనె చెమటలా పైకొస్తుంది. గన్ తీసేసి, బ్లాక్ పూర్తిగా చల్లారాకే ఎసిటోన్‌తో తుడవాలి, ఎందుకంటే దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవండి. ఈ మెట్టు దాటేశారా, ప్రైమర్ ఆ జిడ్డు చుక్కల దగ్గర విడిపోయి గుండ్రటి గుంటలు పడతాయి.

మాస్కింగ్‌లో, అంటే రంగు పడకూడని చోట్లను కప్పేటప్పుడు, హెడ్ కూర్చునే ముఖం, ఆయిల్ పాన్ ముఖం, గేర్‌బాక్స్ కలిసే ముఖం, వీటి మీద రంగు చుక్క కూడా పడకూడదు. గ్యాస్కెట్ (రెండు ముఖాల మధ్య లీకును ఆపే పొర) కింద రంగు ఉంటే, వేడికి అది మెత్తబడి నలిగి బోల్టుల బిగువు తగ్గుతుంది, అక్కడి నుంచి లీకు మొదలవుతుంది. బోల్టులు బిగించే రంధ్రాల్లో పాత బోల్టులు వదులుగా తిప్పి ఉంచండి. ఎర్త్ వైరు బిగించే చోటు ఒట్టి లోహంగానే ఉండాలి. ఇంజిన్ నంబరు కొట్టిన చోట రంగు మందంగా పడితే అంకెలు పూడుకుపోతాయి, అక్కడ ఒక్క పలచటి పూత చాలు.

ప్రైమర్, రంగు ఒకే కంపెనీ ఇంజిన్ ఎనామెల్ (వేడికి తట్టుకునే రంగు) వరుసలోవి తీసుకోండి. బ్లాక్ అల్యూమినియందైతే, లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే ఎచింగ్ ప్రైమర్ కావాలి. అది ఇంజిన్ వేడిని తట్టుకుంటుందో లేదో క్యాన్ మీద చదివే కొనండి. ఇంజిన్ ఎనామెల్ చాలావరకు 260 డిగ్రీల సెల్సియస్ దాకా ఓర్చుకుంటుంది. బ్లాక్‌కి అది చాలు గానీ, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి (ఇంజిన్ పొగను బయటికి తీసుకుపోయే భాగం) చాలదు, దానికి వేరే హై హీట్ పెయింట్ ఉంటుంది.

ఇక స్ప్రే. తలుపులు తెరిచి ఉండాలి, దగ్గర్లో ఏ మంటా ఉండకూడదు. దుమ్ము మాస్కు ఈ ఆవిరిని ఆపదు, రసాయన ఆవిరిని పట్టే ఫిల్టర్లున్న మాస్కే పెట్టుకోండి. క్యాన్‌లో గోలీ చప్పుడు మొదలయ్యాక మరో నిమిషమైనా ఊపండి. ముందు లోతైన మూలలు, తర్వాత బయటి గోడలు. 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, చెయ్యి కదిలాకే మీట నొక్కండి, అంచు దాటాకే వదలండి. మొదటి పూతలో కింది ప్రైమర్ కనిపిస్తూనే ఉండాలి. చెయ్యి ఇంకాస్త కొట్టమంటుంది, ఆగండి. పదేసి నిమిషాల ఎడంతో రెండు మూడు పలచటి పూతలు వేస్తే గోడ నిండుతుంది, కారదు.

చాలా క్యాన్ల మీద మళ్లీ పూత గంటలోపే వెయ్యాలి, లేదా వారం ఆగాలి అని ఉంటుంది. మధ్యలో వేస్తే కొత్త పూతలోని ద్రావకం సగం ఆరిన కింది పొరలోకి దిగి, అంతా ముడతలు పడుతుంది. అప్పుడు గీకి, కడిగి, తెల్లగుడ్డ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.