క్యాజువాలిటీలో తొలి ఆరు నెలలు: కొత్త నర్సుల పనిపై స్టూడియో చర్చ

(చెన్నైలో రికార్డు చేసిన చర్చ. పాల్గొన్నవారు: ఎమర్జెన్సీ విభాగం నర్సింగ్ ఇన్‌ఛార్జ్, ఎమర్జెన్సీ డాక్టర్, నర్సింగ్ ట్యూటర్.)

వ్యాఖ్యాత: నమస్కారం. నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి జీఎన్‌ఎం డిప్లొమా, బీఎస్సీ నర్సింగ్ చదువుకుని చెన్నైలో చేరే పిల్లలు చాలామంది. వాళ్లలో కొందరికి మొదటి పోస్టింగే క్యాజువాలిటీ. సిస్టర్, డ్యూటీలోకి రాగానే ముందు ఏం చేయాలి?

ఇన్‌ఛార్జ్: ముందు క్రాష్ కార్ట్, అంటే ప్రాణం మీదికొచ్చినప్పుడు వాడే మందులు, పరికరాల బండి, తెరవాలండి. ఎనిమిదింటి డ్యూటీ అయితే ఏడూ నలభైకల్లా లోపల ఉండాలి. గొంతులోకి చూసి ట్యూబ్ వేసే లారింగోస్కోప్‌కి 3, 4 నంబర్ బ్లేడులు రెండూ తగిలించి చూడాలి. బల్బు మసగ్గా వెలిగితే వెలగనట్టే లెక్క, అప్పటికప్పుడు బ్యాటరీ మార్చేయాలి. చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే అంబూ బ్యాగ్ మూతిని అరచేత్తో మూసి నొక్కితే చేతికి ఎదురు తన్నాలి. తన్నలేదంటే వాల్వ్ సరిగా కూర్చోలేదని అర్థం. కఫం, రక్తం లాగే సక్షన్ ట్యూబ్ మడిచి పట్టుకుంటే గేజ్ ముల్లు లేవాలి. లేవకపోతే తొమ్మిదిసార్లు జార్ మూత వదులుగా ఉంటుంది, పదోసారి మెషిన్ చెడిపోయి ఉంటుంది. ఆక్సిజన్ సిలిండర్‌లో ఒత్తిడి ఎంతుందో చూస్తే చాలదు, దాన్ని తిప్పే కీ దానికే కట్టి ఉందో లేదో చూడాలి.

డాక్టర్: గుండెకి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ సంగతి నేను చెబుతాను. ప్లగ్ పీకేసి, బ్యాటరీ మీద టెస్ట్ షాక్ కొట్టాలి. చాలా మెషిన్లలో అది 30 జౌళ్లు. ప్లగ్‌లో పెట్టి టెస్ట్ చేస్తే బ్యాటరీ చచ్చిపోయిన విషయం బయటపడదు. పేషెంటుని స్కాన్‌కి తీసుకెళ్తుంటే లిఫ్టులో బయటపడుతుంది.

వ్యాఖ్యాత: మందుల విషయంలో కొత్తవాళ్లు ఎక్కడ తడబడతారు సార్?

డాక్టర్: అడ్రినలిన్ దగ్గర. మన దగ్గర దొరికే ఆంప్యూల్‌లో 1 ఎంఎల్‌కి 1 మిల్లీగ్రాము ఉంటుంది. పెద్దవాళ్లకి గుండె ఆగితే ఆంప్యూల్ మొత్తం నరంలోకి ఇవ్వాలి, వెంటనే 20 ఎంఎల్ సెలైన్ తోసి చేయి పైకెత్తాలి. మళ్లీ 3 నుంచి 5 నిమిషాలకోసారి. అదే ఆంప్యూల్, ఏ ఇంజెక్షనో పడక ఒళ్లంతా దద్దుర్లు లేచి బీపీ పడిపోయిన మనిషికైతే సగమే, 0.5 ఎంఎల్. అదీ తొడ బయటివైపు కండలోకి. ఈ రెండో మనిషికి మొదటి పద్ధతిలో నరంలోకి తోశారంటే కొట్టుకుంటున్న గుండె లయ తప్పుతుంది, బీపీ ఒక్కసారిగా ఎగిసిపోతుంది. హడావుడిలో డాక్టర్ “అడ్రినలిన్ ఇవ్వండి” అని మాత్రమే అంటాడు. ప్రమాదమంతా ఆ సగం మాటలోనే ఉంది.

ఇన్‌ఛార్జ్: అందుకే తిరిగి చదివి వినిపించమంటాం. “సార్, అడ్రినలిన్ పాయింట్ ఫైవ్, ఐఎమ్, తొడకి ఇస్తున్నా” అని గట్టిగా అనాలి, ఐఎమ్ అంటే కండలోకి. ఆయన అవునన్నాకే సూది కదలాలి. కొంతమంది డాక్టర్లు దీనికి విసుక్కుంటారు, ఉన్న మాట చెప్పాలి కదా. ఒకసారి విసుగు చూసిన కొత్తమ్మాయి రెండోసారి నోరు విప్పదు.

డాక్టర్: విసుక్కోవడం ముమ్మాటికీ మా తప్పే. అలా అడిగిన నర్సుని కసిరే డాక్టర్‌ని ఆ విభాగం పెద్దలు పిలిచి మాట్లాడాలి. ఇంకో మాట. కోడ్, అంటే ఆగిన గుండెని తిరిగి కొట్టించే ప్రయత్నం, నడుస్తున్నప్పుడు ఖాళీ ఆంప్యూల్స్ పారేయకండి. కిడ్నీ ట్రేలో వరసగా పెట్టండి. ఎన్ని డోసులు పడ్డాయో చివర్లో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు, ఆ ట్రేనే చెబుతుంది. పక్కన పేరు దగ్గరగా ఉండే వేరే మందు, నారడ్రినలిన్ ఆంప్యూల్ ఏదైనా పొరపాటున వచ్చిందా అన్నదీ అక్కడే కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: గుండెనొప్పితో వచ్చినవాళ్ల సంగతి?

ట్యూటర్: మనవాళ్లు గుండెనొప్పి అనరండీ, “గ్యాస్ పట్టేసిందమ్మా” అంటారు. చెమటలు కక్కుతూ గ్యాస్ అన్న మనిషికి తలుపు దాటిన 10 నిమిషాల్లోపు ఈసీజీ అయిపోవాలి. షుగర్ ఉన్న పెద్దవాళ్లకి నొప్పే ఉండకపోవచ్చు, ఆయాసం, నీరసం అంటారు. ఈసీజీలో కొత్తవాళ్లు చేసే పొరపాటు ఛాతీ మీద అతికించే వీ1, వీ2 లీడ్లని పైకి పెట్టేయడం. మెడ కింది గుంటలోంచి వేలు కిందికి జారిస్తే రొమ్ము ఎముక మీద చిన్న గట్టు తగులుతుంది. దాని పక్కనే రెండో పక్కటెముక, దాని కింద ఉన్నది రెండో సందు. అక్కణ్నుంచి ఇంకో రెండు సందులు దిగితే నాలుగోది. కుడి పక్కన వీ1, ఎడమ పక్కన వీ2. తర్వాత వీ4 ముందు పెట్టుకుని, వీ2కీ దానికీ నడిమధ్యన వీ3 పెట్టాలి. ఆడవాళ్ల దగ్గర మొహమాటపడి రొమ్ము పైన అతికించేస్తారు. కర్టెన్ వేసి, చెప్పి, రొమ్ము కిందే పెట్టాలి. కాగితం మీద లీడ్ వన్ గీత తలకిందులుగా వస్తే ముందు కుడి, ఎడమ చేతుల వైర్లు మారాయేమో చూసుకోవాలి. ఇంకొకటి, ఆ కాగితం టేబుల్ మీద పెట్టి వెళ్లిపోకూడదు. పేరు, టైము రాసి డాక్టర్ చేతిలోనే పెట్టాలి.

వ్యాఖ్యాత: ఇక్కడ భాష కూడా ఇబ్బందే కదా?

ట్యూటర్: వాంతి మనకీ తమిళులకీ ఒకటే. “నెంజు వలి” అంటే గుండెల్లో నొప్పి, “మూచ్చు తిణరల్” అంటే ఊపిరాడకపోవడం. ఇవి వారంలో వచ్చేస్తాయి. చిక్కంతా “మయక్కం” దగ్గర. కళ్లు తిరిగినా మయక్కమే, మగతగా ఉన్నా మయక్కమే, స్పృహ తప్పి పడిపోయినా మయక్కమే. మన మైకం అనుకుని రాసేస్తే కేసు తారుమారవుతుంది. కింద పడ్డారా, పిలిస్తే పలికారా అని విడివిడిగా అడగాలి. ఎలాగున్నా వేలి చివర షుగర్ చూసెయ్యాలి.

వ్యాఖ్యాత: పాము కాట్లు చెన్నైకి కూడా వస్తాయా?

డాక్టర్: శివార్ల నుంచి, సరిహద్దు జిల్లాల నుంచి వస్తాయి. మన దేశంలో వాడే విరుగుడు మందు తయారీకి కావాల్సిన విషం ఎక్కువగా తీసేది కూడా చెన్నై పక్కనే, మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దగ్గర. ఇరుల తెగవాళ్ల సహకార సంఘం ఆ పని చేస్తోంది. నర్సు చేతిలో ఉండేది 20 నిమిషాల రక్త పరీక్ష. 2 ఎంఎల్ రక్తం, పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబ్‌లో. 20 నిమిషాలు కదిలించకుండా పెట్టి, ఒక్కసారి వంచి చూడాలి. రక్తం గడ్డకట్టకపోతే రక్తపింజర లాంటి కాటు అని అనుమానించాలి. ప్లాస్టిక్ ట్యూబ్ వాడినా, సబ్బుతో కడిగిన ట్యూబ్ వాడినా మామూలు రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు, అనవసరంగా మందెక్కిస్తాం. విరుగుడు పొడిలో ఒక్కో వయల్‌కి 10 ఎంఎల్ స్టెరైల్ నీళ్లు పోసి మెల్లగా తిప్పాలి. ఊపితే నురగొస్తుంది. మొదటి డోసు సాధారణంగా 10 వయల్స్, కరగడానికి టైం పడుతుంది కాబట్టి ఇద్దరు కూర్చోవాలి. మందు మొదలెట్టేలోపే సిరంజిలో 0.5 ఎంఎల్ అడ్రినలిన్ లాగి పక్కన పెట్టుకోవాలి. ఇక కట్లపాము కాటు. నేల మీద పడుకున్న మనిషి తెల్లారి కడుపునొప్పి అంటాడు, గాటు కనపడదు. రెప్పలు వాలుతున్నాయా అని చూసే నర్సు అతన్ని కాపాడుతుంది.

వ్యాఖ్యాత: ట్రయాజ్‌లో, అంటే వచ్చినవాళ్లలో ఎవరిది ఎంత అత్యవసరమో తేల్చేచోట, కొత్తవాళ్లని పెట్టొచ్చా?

ఇన్‌ఛార్జ్: తమిళనాడు ప్రభుత్వ ఎమర్జెన్సీ కేంద్రాల్లో తీవ్రతని బట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లున్నాయి. రంగులు నేర్పడం పూటలో పని. కానీ ఆరు నెలలు నిండనిదే ఒంటరిగా కూర్చోబెట్టకూడదన్నది నా మాట.

ట్యూటర్: ఒంటరిగా వద్దు, ఒప్పుకుంటా. కానీ మొదటి వారం నుంచే సీనియర్ పక్కన కూర్చోబెట్టండి. కన్ను అక్కడే తెరుచుకుంటుంది. ముఖ్యంగా ఊపిరి లెక్కపెట్టడం. ఏ షీట్ తీసినా శ్వాస 20 అని ఉంటుంది, ఎవరూ లెక్కపెట్టరు. పల్స్, బీపీ, ఆక్సిజన్ మెషిన్ చెబుతుంది, శ్వాస మాత్రం మనమే చూడాలి. పల్స్ చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, పేషెంటుకి తెలియకుండా నిండు నిమిషం ఛాతీ చూడాలి. జ్వరంతో వచ్చిన మనిషి శ్వాస 28 ఉందంటే బీపీ ఇంకా బాగున్నా అతను ఆకుపచ్చ బెంచీ మీద కూర్చోకూడదు.

ఇన్‌ఛార్జ్: ఈ విషయంలో మేడమ్ మాటే నిజం. మా షీట్లలోనూ ఆ 20 కనిపిస్తుంది, బాధగా ఉంటుంది.

వ్యాఖ్యాత: చివరిగా, సూది గుచ్చుకుంటే?

ఇన్‌ఛార్జ్: పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు. సబ్బు, పారే నీళ్లతో కడగాలి. టైము రాసుకుని, పేషెంటుని పక్క సిస్టర్‌కి అప్పజెప్పి, వెంటనే రిపోర్ట్ చేయాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు అవసరమైతే 2 గంటల్లోపు మొదలవడం మంచిది, 72 గంటలు దాటాక ఇవ్వరు. మొదలెడితే 28 రోజులు. డ్యూటీ అయ్యాక చూసుకుందాంలే అనుకుంటారు పిల్లలు, తిడతారేమోనని దాచేస్తారు. ఎక్కువగా గుచ్చుకునేది వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టేటప్పుడే. సూదులు పడేసే తెల్ల డబ్బా మంచం దగ్గరికే తెచ్చుకుని అప్పుడు నరంలోకి క్యాన్యులా పెట్టండి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తయ్యాయో లేదో చేరిన రోజే చెప్పండి. మూడోది మిగిలిపోయినవాళ్లే ఎక్కువ.