చీలిన వేపచెట్టు: కొట్టాలా, కట్టాలా?

యాంకర్: గాలిదుమారం వచ్చిన మర్నాడు కాలనీల్లో ఒకటే పంచాయితీ, చెట్టు ఉంచాలా తీసేయాలా అని. సెక్రటరీ గారూ, మీ వేపచెట్టు సంగతేంటి?

కాలనీ సెక్రటరీ: ముప్పై ఏళ్ల చెట్టండీ, జంట బోదెలుగా పెరిగింది. మొన్నటి గాలికి పంగ దగ్గర జానెడు పగులు వచ్చింది. కింద ఇస్త్రీ బండి, పక్కనే స్కూల్ బస్ ఆగే చోటు. సగం మంది కొట్టేయమంటారు, సగం మంది వేపను ముట్టుకుంటే పాపం అంటారు. టెన్షన్ మాత్రం నాకు.

ఉద్యాన నిపుణురాలు: నేనూ ఆ ఇస్త్రీ బండి దగ్గరే మొదలుపెడతాను. ఇదే చెట్టు చేను గట్టున ఉంటే పడినా గట్టు మీదే పడుతుంది. ఇక పంగ ఇరుగ్గా ఉంటే మధ్యలో బెరడు లోపలికి ముడుచుకుపోతుంది. పైకి అతుక్కున్నట్టే ఉంటుంది, లోపల చెక్క కలవదు.

రిటైర్డ్ అటవీ అధికారి: నేనైతే ముందు మొదలు చూస్తాను. అక్కడేమైనా తవ్వారా?

సెక్రటరీ: రెండేళ్ల కిందట కేబుల్ కోసం తవ్వారు సార్. ఒక పక్క వేళ్లు తెగాయి.

అధికారి: ఇది ముందు చెప్పాలి కదండీ! చెట్టు వాలిన వైపు కాదు, దాని వెనక వైపు నేల నెర్రె ఇచ్చిందా చూడండి. ఇస్తే వేళ్లు పట్టు వదిలేసినట్టే, ఇక కొమ్మల గురించి మాట్లాడక్కర్లేదు. సుత్తితో తడితే డొల్ల శబ్దం వచ్చిందని మాత్రం కంగారు పడొద్దు. చుట్టూ గట్టి చెక్క మందం వ్యాసార్థంలో మూడో వంతు ఉంటే డొల్ల చెట్టూ నిలబడుతుందని స్థూలంగా ఒక లెక్క.

యాంకర్: తొర్రలో సిమెంటు పోస్తే?

నిపుణురాలు: అయ్యో, వద్దు! చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు. సందులో నీళ్లు చేరి కుళ్లు పెరుగుతుంది. తల నరకడమూ అంతే. మొండి నుంచి గుబురుగా వచ్చే కొమ్మలకు పట్టుండదు, లావెక్కాక అవే విరిగిపడతాయి. బరువు కొమ్మ కోయాలంటే ముందు అడుగున గాటు పెట్టి, కాస్త అవతల పైనుంచి కోసి, ఆఖర్న మొండి తీయాలి. అదీ కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే మెడను ముట్టకుండా. అడుగున గాటు లేకపోతే బెరడు కిందిదాకా చీరుకుని వస్తుంది.

యాంకర్: మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి స్తంభాలు పెట్టారు కదా?

అధికారి: 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ కూలాక కదా! చెద పట్టింది. రంధ్రాల్లో మందు పోస్తే కారిపోయింది, దాంతో 2018లో సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా ఎక్కించారు. కానీ అది మర్రి, ఊడలు దిగితే తన స్తంభాలు తనే వేసుకుంటుంది. వేపకు ఆ సౌకర్యం లేదు.

సెక్రటరీ: ఇనుప తీగ చుట్టమన్నారు ఒకాయన.

నిపుణురాలు: చుడితే బోదె లావెక్కేకొద్దీ తీగ లోపలికి కోసుకుపోతుంది. పంగ నుంచి కొనదాకా ఉన్న ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర బోల్టులు వేసి, ఉక్కు తాడుతో రెండు బోదెలనూ కలపాలి. పగులుకు అడ్డంగా రాడ్. ఏటా చూసుకుంటామంటేనే సుమా.

సెక్రటరీ: (నవ్వుతూ) మేం లిఫ్టే చూసుకోవడం లేదండీ.

అధికారి: అయితే తాడు మాట మర్చిపోండి. వాల్టా చట్టం, అదే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం కింద అనుమతికి దరఖాస్తు పెట్టి తీసేయండి.

నిపుణురాలు: మట్టి తీసి వేళ్లు చూడకుండా నేను ఆ మాట అనను సార్. సోమవారం వస్తాను.

సెక్రటరీ: అప్పటిదాకా ఇస్త్రీ బండి?

నిపుణురాలు: ఈ రాత్రికే జరిపించండి. బస్సు కూడా.